ఐదేళ్ల పాపకు రోబోటిక్స్ తరగతి అవసరమా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక తల్లి

మా పాపకు ఈ నెలలో ఐదేళ్లు నిండాయి. మా అపార్టుమెంటులో ఆమె ఈడు పిల్లలు చాలామంది శనివారాలు రోబోటిక్స్ తరగతికి వెళ్తున్నారని నేనూ ఒక రోజు వెళ్లి చూశాను. పుస్తకంలోని బొమ్మల వరుస ప్రకారం ముక్కలు బిగించగానే కారు కదిలింది, పిల్లలు చప్పట్లు కొట్టారు, కానీ చక్రం ఎందుకు తిరిగిందని ఒక్కరూ అడగలేదు, అడిగేంత వ్యవధీ ఇవ్వలేదు. పాపకు ఆలోచించే అలవాటు కావాలన్నదే నా కోరిక. ఇంట్లోనే ఏమైనా చేయవచ్చా?

జవాబు: పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయురాలు, జయనగర్

చేర్పించకపోతే నష్టమేమీ లేదండీ, ఒక బకెట్టు నీళ్లు చాలు. ఇనుప మేకు, ఖాళీ స్టీలు గిన్నె, నారింజ పండు ముందు పెట్టి, ఏది మునుగుతుందో, ఎందుకలా అనుకుంటోందో నీళ్లలో వేయకముందే చెప్పమనండి. మా తరగతిలో దాదాపు అందరూ బరువైనదే మునుగుతుందంటారు. తీరా చిన్న మేకు మునిగి, దానికన్నా ఎన్నో రెట్లు బరువైన గిన్నె తేలినప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించే తికమకే మనకు కావలసింది. అక్కడ సాంద్రత గురించి పాఠం మొదలుపెట్టకండి. గిన్నెలో గోలీలు ఒక్కొక్కటే వేయిస్తూ, ఎన్నింటికి మునుగుతుందో ప్రతిసారీ ముందే అడిగితే, రెండు మూడు విడతలకు తన అంచనాను తానే సవరించుకుంటుంది.

ఇంకొక సంగతి. జవాబు విన్న వెంటనే అదే ప్రశ్న మళ్లీ అడగవద్దు. వరుసలో పేర్చిన వస్తువులను దూరం జరిపితే లెక్క మారదని చిన్నపిల్లలకు తట్టదని స్విస్ మనస్తత్వవేత్త పియాజే, జరపకముందూ జరిపాకా అదే ప్రశ్న అడిగి చూపించారు కదా. అయితే జరపకముందు అడగకుండా, జరిపిన తరువాత ఒక్కసారే అడిగితే పిల్లలు తక్కువ పొరపాట్లు చేశారని 1974లో రోజ్, బ్లాంక్ అనే పరిశోధకులు గమనించారు. పెద్దవాళ్లు రెండోసారి అడిగారంటే మొదటిది తప్పై ఉంటుందని పిల్లలు అనుకుంటారు.

జవాబు: ఇద్దరు పిల్లల తండ్రి, వైట్‌ఫీల్డ్

మేడమ్‌గారితో ఏకీభవిస్తాను కానీ, తప్పంతా ఆ తరగతిలో బిగించే రోబోటిక్స్ ముక్కల కిట్టుది కాదు. కారు కదిలాక ఒక చక్రం తీసేసి, ఇప్పుడేమవుతుందని అడిగితే అదే కిట్టు పనికొస్తుంది. మా ఇంట్లో రెండు పుస్తకాల దొంతరల మధ్య కాగితం పరిచి వంతెన కట్టిస్తాను. చదునుగా ఉన్నప్పుడు నాలుగు నాణేలకే కుంగిన కాగితం, విసనకర్రలా ముడతలు పెట్టి మడిస్తే ఎన్నో మోస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది మా నియమం: కాగితమూ దూరమూ కలిపి మార్చారో, దేనివల్ల నిలిచిందో తెలియదు. కస్తూర్బా రోడ్డులో 1962లో మొదలైన విశ్వేశ్వరయ్య మ్యూజియానికి తీసుకెళ్లినా, అన్ని మీటలూ నొక్కిస్తూ పరిగెత్తించకుండా ఒక్క యంత్రం దగ్గరే కాసేపు నిలబడనివ్వండి.

ప్రశ్న అడిగిన తల్లి

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న నారింజతో మొదలుపెట్టాము. తొక్కతో తేలింది, ఒలిచాక మునిగింది. తొక్కలో గాలి ఉంటుందని చెప్పబోయి ఆగాను. పాప తొక్క ముక్కలను విడిగా వేసి, అవి తేలడం చూసి, వాటిని తిరిగి పండుకు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే ఏమవుతుందని అడిగింది. ఇంట్లో ఇంకో నారింజ లేదు, సాయంత్రం తేవాలి.