అప్‌డేట్: పాప పేరు స్పెల్లింగ్ తేలిపోయింది

న్యూమరాలజీ ప్రకారం రిత్విక ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి ఐ, కె రెండేసి సార్లు పెట్టమంటున్నారు, ఏం చేయాలని అడిగాను కదా. మొన్న నల్లగొండలో టీకాలకు పోతే, కార్డు చూసి నర్సమ్మ 'రీత్విక్కా!' అని గట్టిగా పిలిచింది. ఎవరి అక్కనో పిలుస్తుందనుకుని మేం కదల్లేదు. అంత పట్టుబట్టిన మా మామయ్య కూడా అక్కడే మెత్తబడ్డారు.

బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఇంకా ఖాళీయే కాబట్టి మామూలు స్పెల్లింగే ఇచ్చాం. నమోదైన ఏడాదిలోపు పేరు చేర్చడానికి ఫీజు లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు లేట్ ఫీజు కట్టాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెటే ఆధారం. ఆధార్‌లోనూ ఒక్క అక్షరం తేడా రాకుండా చూసుకోండి.

న్యూమరాలజీ స్పెల్లింగ్‌ను వెండి గిన్నె మీద చెక్కించాం. మామయ్య ఖుషీ.