లక్నవరం దీవి మొక్కలు: కలుపు తీసుడు ఎప్పుడు పెట్టుకుందాం?

హనుమకొండ టీం:
అందరికీ నమస్తే. లక్నవరం చెరువు దీవిలో మనం పెట్టిన మొక్కల చుట్టూ కలుపు, డిసెంబరు సెలవులకు డాలస్ నుంచి మీరు వచ్చినప్పుడే తీద్దామన్నారు. అది ఆలస్యమైతది. అప్పటికే వయ్యారిభామ (పార్థీనియం కలుపు) పూసి గింజ రాల్చేస్తుంది. ఒక్క మొక్కకే వేల గింజలు. ఎండినదాన్ని పీకి మోసుకుపోతే దీవంతా మన చేతులతో చల్లినట్టే. పెత్రమాసకు (బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు) ముందు ఆదివారం మొదటి విడత మేం చేస్తాం. నేల మెత్తగా ఉంటుంది, వేరుతో సహా వస్తుంది. డిసెంబరులో మీరు వచ్చాక పాదులు చేసుడు, వరిగడ్డి పరుచుడు పని. అప్పటికి వరికోతలు అయిపోతాయి కాబట్టి గోవిందరావుపేట వైపే గడ్డి దొరుకుతుంది.

డాలస్ నుంచి:
సరే అన్నా, తేదీలు అట్లనే పెట్టుకుందాం. 240 మొక్కలకు ఎంతమంది కావాలి? రెండు బ్రష్ కట్టర్లకు (గడ్డి కోసే మిషన్లకు) పైసలు పంపమంటారా?

హనుమకొండ టీం:
బ్రష్ కట్టర్ వద్దే వద్దు. దాని తీగ లేత కాండానికి ఒక్కసారి తగిలినా బెరడు లేస్తుంది. చుట్టూతా లేచిందంటే పైన ఆకు పచ్చగా ఉన్నా మొక్క బతకదు. కొడవలి, ఖుర్పి (కలుపు తీసే చిన్న చేతి పనిముట్టు), గడ్డపార చాలు.

ముందుగా ప్రతి మొక్క పక్కన ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతాలి. నడుమెత్తు గడ్డిలో రెండేండ్ల నేరేడు కనబడదు, కలుపుతో పాటే తెగిపోతుంది. కర్రలు పాతినంకనే కొడవలి పట్టాలి. కాండం నుంచి జానెడు దూరం వరకు చేత్తోనే పీకాలి, ఆపైన అరమీటరు దాకా ఖుర్పి. దర్భకు గడ్డపారే కావాలి, నేలలో తెగిన ముక్క మళ్లీ మొలుస్తుంది. లాంటానాను పైన నరికితే గుబురుగా లేస్తుంది, మొదలు కింద తవ్వి తీయాలి. చుట్టూ చెరువు నీళ్లే కాబట్టి కలుపు మందు మాటే వద్దు.

ఇద్దరి జట్టుకు ఒక్కో మొక్క పావుగంట. మూడు గంటల్లో 12. అంటే 20 జట్లు, 40 మంది.

ములుగు నుంచి:
ఒడ్డు వరసల సంగతి వేరు. తెల్లమద్ది, కానుగ నీళ్లు నిలిచినా తట్టుకుంటాయి. ఇప్పకు అట్లా కుదరదు. నీళ్లు దిగినంక కాండం మొదట్లో పేరుకున్న ఒండ్రు తీసెయ్యాలి, లేకుంటే మొదలు కుళ్లుతుంది. పోయినేడు కట్టిన నైలాన్ తాళ్లు కోసెయ్యండి, కాండం లావెక్కి బెరడులోకి దిగుతున్నాయి. గోనెతాడుతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి.

డిసెంబరులో గడ్డి నాలుగు వేళ్ల మందం పరవాలి, కాండానికి మాత్రం బెత్తెడు ఎడం. ఆనించి పరిస్తే చెదలు బెరడెక్కుతాయి. మొక్కకు వేపపిండి 200 గ్రాములు, మాగిన పశువుల ఎరువు రెండు కిలోలు పాదులో కలపండి.

డాలస్ నుంచి:
రాసుకున్నా. పిల్లలను తీసుకురావచ్చా?

హనుమకొండ టీం:
మొదటి విడతకు వద్దు. వయ్యారిభామ పుప్పొడితో ఆయాసం, ఆకు తగిలితే దద్దుర్లు. పెద్దవాళ్లకైనా నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, మాస్కు, బూట్లు ఉండాలి. గడ్డిలో చెయ్యి పెట్టేముందు కర్రతో కొట్టాలి, పాములుంటాయి. పడవలో అందరికీ లైఫ్ జాకెట్, కొడవళ్లు గోనెసంచిలో చుట్టి వెయ్యాలి. అటవీ శాఖ, పర్యాటక శాఖ అనుమతి చేతికొచ్చాకే పడవ మాట్లాడతాం.

ఇంకొకటి. తంగేడు మన మొక్కే, ఒక్కటి కూడా పీకొద్దు. మొక్కల చుట్టూ మొలిచిన గునుగును మాత్రం పూలతో కోసి విడిగా కట్టలు కట్టండి, బతుకమ్మలకు ఇద్దాం.