‘ఈస్ట్‌మన్‌కలర్’ని ‘రంగుల్లో’ అని మార్చవచ్చా?

ప్రశ్న: పాత పత్రికల్లోని సినిమా ప్రకటనలు టైపు చేస్తున్నాం. ‘ఈస్ట్‌మన్‌కలర్’, ‘గేవాకలర్’ అని ఉన్నచోటల్లా ‘రంగుల్లో’ అని మార్చేస్తే ఇప్పటివాళ్లకు చదవడం తేలిక కదండీ?

జవాబు: దయచేసి మార్చకండి. అవి ‘రంగు’కు పర్యాయపదాలు కావు, ఫిల్ము రకాల పేర్లు. ‘గేవా’ బెల్జియంలోని గేవర్ట్ కంపెనీ పేరులోంచి వచ్చింది. ‘ఈస్ట్‌మన్’ కొడాక్ కంపెనీ పెట్టిన జార్జ్ ఈస్ట్‌మన్ ఇంటిపేరు. ఆయన 1932లోనే పోయారు, ఆ పేరుతో రంగుల ఫిల్ము వచ్చింది 1950లో.

పేరును బట్టి ఏ కెమెరాతో తీశారో కూడా కొన్నిసార్లు చెప్పొచ్చు. 1930లలో పేరు మోసిన టెక్నికలర్ కెమెరాలో లెన్సు వెనక గాజు పట్టకం ఉండేది. అది వెలుగును రెండుగా చీల్చేది. ఆకుపచ్చ భాగం నేరుగా ఒక ఫిల్ము మీద పడేది. మిగతాది పక్కకు తిరిగి, ఒకదానికొకటి ఆనించి నడిపే రెండు ఫిల్ముల మీద ఎరుపుగా, నీలంగా నమోదయ్యేది. అంటే ఒక్క షాటుకు మూడు రీళ్లు! వెలుగు ఇన్ని ముక్కలయ్యేసరికి సెట్లో లైట్లు విపరీతంగా పెట్టాల్సి వచ్చేది. పైగా ఆ కెమెరాను కంపెనీ అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. సోహ్రాబ్ మోదీ ‘ఝాన్సీ కీ రాణీ’ని (1953) టెక్నికలర్‌లో తీసినప్పుడు ఛాయాగ్రహణానికి హాలీవుడ్ నుంచి ఎర్నెస్ట్ హాలర్ వచ్చారు.

ఈస్ట్‌మన్‌కలర్‌లో ఆ మూడు రంగులను నమోదు చేసే పొరలూ ఒకే ఫిల్ము మీద ఉంటాయి. నలుపు తెలుపు సినిమాలు తీసే మామూలు కెమెరాలోనే అది ఎక్కించొచ్చు. రంగుల సినిమా అందరికీ అందుబాటులోకి రావడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. అంతకుముందు, 1937లో ‘కిసాన్ కన్యా’ సినీకలర్‌లో వచ్చింది కానీ, అది రెండు రంగుల పద్ధతే. అన్నీ ‘రంగుల్లో’ అని రాస్తే ఈ తేడా ఎలా తెలుస్తుంది?

ప్రింట్లు భద్రపరిచేవాళ్లకు ఈ పేరు ఇంకా ముఖ్యం. పాత ఈస్ట్‌మన్‌కలర్ ప్రింట్లలో నీలి ఛాయ ముందుగా వెలిసిపోతుంది. ఆకాశం, చెట్లు, మొహాలు అన్నీ ఒకే గులాబీ ఎరుపులోకి దిగిపోతాయి. రంగులు అద్ది తీసిన టెక్నికలర్ ప్రింట్లు ఇలా పాడవవు.

ప్రశ్న: మరి ‘పూర్తి రంగుల చిత్రం’లో ‘పూర్తి’ తీసేయొచ్చా?

జవాబు: అదీ ఉంచండి. కొన్ని సినిమాల్లో ఒకటి రెండు పాటలో, కొన్ని ఘట్టాలో మాత్రమే రంగుల్లో ఉండేవి. తెలుగులో మొదటినుంచి చివరిదాకా రంగుల్లో వచ్చిన తొలి సినిమా 1963 నాటి ‘లవకుశ’. 1958లో మొదలై, డబ్బుల్లేక మధ్యలో ఆగిపోయింది. సి. పుల్లయ్య గారు మొదలుపెట్టిన ఆ సినిమాను కొడుకు సి.ఎస్. రావు గారు పూర్తిచేశారు. ఆ రోజుల్లో ‘పూర్తి’ అని వేసుకోవడమంటే నిర్మాత పెట్టిన ఖర్చును చాటుకోవడమే.

ప్రకటనలో ఎలా ఉంటే అలాగే టైపు చేసి, అర్థాలు పుస్తకం చివర పదకోశంలో ఇవ్వండి.