వరదలో తడిసిన తాతయ్య దస్తావేజులు: స్కాన్ చేయాలా, లామినేషన్ చేయించాలా?

సింగ్‌నగర్ వాసి:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా ఇంట్లో నడుము లోతు నీళ్ళు రోజుల తరబడి అట్టాగే నిలబడ్డాయి, బీరువా కింది అరలో ఉన్న ట్రంకు పెట్టె మొత్తం మునిగిపోయింది. అందులో తాతయ్య కొన్న స్థలం దస్తావేజు, దాని లింక్ డాక్యుమెంట్లు (అంతకు ముందు ఓనర్ల పాత దస్తావేజులు), నాన్న పదో తరగతి సర్టిఫికెట్ ఉన్నాయి. అప్పుడేం తెలీక డాబా మీద ఎండలో ఆరేశాం, అవి వంకర్లు తిరిగిపోయి రెండు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. స్టాంపు పేపరు మీద సిరా పాకి తాతయ్య సంతకం సగం పోయింది, వేలిముద్ర మాత్రం గీతలతో సహా చక్కగా ఉంది, అది చూసి నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆయన లామినేషన్ చేయించేద్దాం అంటున్నారు, నేను ముందు స్కాన్ చేద్దాం అంటున్నా. ఫోన్‌తో ఫోటో తీస్తే సరిపోద్దా? ఒరిజినల్స్ ఎక్కడ దాచాలి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత కాగితాలు:
లామినేషన్ మాత్రం వద్దండి, దయచేసి నాన్నగారిని ఆపండి. ఆ వేడికి జిగురు కాగితంలోకి దిగిపోద్ది, మళ్ళీ ఊడదీయలేం, రేపు ఎవరైనా స్టాంపు పేపరు అసలుదా కాదా అని పట్టుకుని చూడాలన్నా కుదరదు. నేను పాత పుస్తకాలు స్కాన్ చేసే పనిలో ఉన్నా కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

ఫోన్ ఫోటో అర్జెంటుకి పనికొస్తది, దాచుకోడానికి మాత్రం ఫ్లాట్‌బెడ్ స్కానర్ వాడండి, అంటే అద్దం మీద పేపరు పరిచి మూత వేసేది. పేపర్లు వరసగా లాక్కునే మెషీన్‌లో తడిసి ఆరినవి అస్సలు పెట్టొద్దు, చిరిగిపోతాయి. తుప్పు పట్టిన పిన్నులు లాగకండి, ముందు కాళ్ళు పైకి లేపి నిదానంగా తీయండి. మామూలు పేజీకి 300 డీపీఐ చాలు (అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ లెక్క, పెంచేకొద్దీ వివరం ఎక్కువ), సిరా మసకబారిన చోట 600 పెట్టండి, అదీ కలర్‌లోనే. బ్లాక్ అండ్ వైట్‌లో చేస్తే లేత సిరా మొత్తం ఎగిరిపోద్ది. వెనకవైపు రాత ఇటు కనపడుతుంటే పేపరు మీద నల్ల అట్ట ఒకటి వేసి మూత పెట్టండి, తేడా మీకే తెలుస్తది.

అంటుకున్న పేజీలు గోరుతో లాగొద్దు, అట్టాగే ఉంచి తెలిసినవాళ్ళకి చూపించండి. ఇంకెవరికైనా ఇట్టా కాగితాలు తడిస్తే ఎండలో వేయకుండా నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టండి. రెండు రోజుల్లో బూజు మొదలైపోద్ది, అంతలో ఆరబెట్టడం కుదరకపోతే కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే అప్పటికి ఆగుద్ది.

బ్రాడీపేట నుంచి:
మాది గుంటూరు, మా నాన్న దస్తావేజు లేఖరి, చిన్నప్పటి నుంచి ఇంట్లో ఇయ్యే మాటలు. అందరూ మర్చిపోయేది ఒకటుంది, దస్తావేజు వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. రిజిస్ట్రేషన్ ముద్రలు, నంబరు, వేలిముద్రలు ఎక్కువగా అక్కడే ఉంటాయి, జెరాక్స్ షాపుల్లో ముందువైపే తీసి ఇచ్చేస్తారు.

ఇంకోటి, స్కాన్ ఎంత బాగున్నా మీ దగ్గరే ఉండే కాపీ అది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ, మనం సీసీ అంటాం కదా, అది తీసుకోండి. డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, ఏ ఆఫీసులో రిజిస్టర్ అయిందో తెలిస్తే చాలు. నంబరు తెలీకపోతే ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం, తీయించండి, కానీ 1983 ముందువి ఆన్‌లైన్‌లో రావు, ఆఫీసుకెళ్ళి పాత పుస్తకాల్లో వెతికించుకోవాలి, కాస్త ఓపిక కావాలి. సీసీ ఉంది కదాని ఒరిజినల్ మాత్రం పారేయకండి, లోన్‌కి వెళ్తే బ్యాంకువాళ్ళు ముందు ఒరిజినలే అడుగుతారు.

రెండో అంతస్తు:
బ్యాంకు లాకర్లో పెట్టేస్తే గొడవ లేదు కదా బ్రో?

బ్రాడీపేట నుంచి:
పెట్టొచ్చు, మేమూ పెట్టాం, కానీ ఒకటి తెలుసుకుని పెట్టండి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ రూల్స్ ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, బిల్డింగ్ కూలడం లాంటివి బ్యాంకు తప్పు వల్ల జరిగినా, వాళ్ళ స్టాఫ్ మోసం చేసినా ఏడాది అద్దెకి వంద రెట్లు ఇవ్వాలి. వరద, భూకంపం లాంటివాటికి మాత్రం వాళ్ళ బాధ్యత లేదు. మన విజయవాడలో ఆ మాట చిన్నది కాదు. లాకర్ కింది ఫ్లోర్లో ఉందా పైనా అని అడిగి తీసుకోండి.

పాత కాగితాలు:
స్కాన్ ఫైళ్ళు కూడా ఒక్క పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఊరుకోవద్దు. ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో, ఇంకోటి వేరే ఊళ్ళో ఉండే అక్కయ్యో బాబాయో వాళ్ళ దగ్గర. డిజీలాకర్‌లో, అదే డాక్యుమెంట్లు దాచుకునే ప్రభుత్వ యాప్‌లో, మనం అప్‌లోడ్ చేసింది ఉత్త కాపీనే, ప్రభుత్వ సంస్థ నేరుగా అందులోకి పంపిన డాక్యుమెంటే ఒరిజినల్‌తో సమానం, ఈ రెండూ కలిపేసుకోకండి. షాపులో స్కాన్ చేయిస్తే వాళ్ళ కంప్యూటర్లో ఫైలు మీ ముందే డిలీట్ చేయించండి, రీసైకిల్ బిన్‌లో కూడా. వాట్సాప్‌లో పంపితే సైజు తగ్గి అక్షరాలు అలుక్కుపోయే ఛాన్స్ ఉంది, పీడీఎఫ్‌గా పెన్‌డ్రైవ్‌లోకే తీసుకోండి.

సింగ్‌నగర్ వాసి:
అందరికీ చాలా థాంక్సండి. నిన్న ఫ్రెండ్ వాళ్ళ ఆఫీసులో స్కానర్ ఉంటే మొత్తం కలర్‌లో తీశాం, వెనకవైపులు కూడా. మసకగా ఉన్న ముద్రని 600లో తీసి స్క్రీన్ మీద పెద్దది చేస్తే డాక్యుమెంట్ నంబరు కనపడింది, మామూలుగా చూస్తే ఆ చోట ఉత్త మరకే. నాన్న కళ్ళజోడు పెట్టుకుని పక్కనే కూర్చుని ఒక్కో అంకె చదివి చెప్పారు, లామినేషన్ మాట మళ్ళీ ఎత్తలేదు. అంటుకున్న పేజీలు ముట్టుకోలేదు. సోమవారం ఇద్దరం సీసీకి అప్లై చేయడానికి వెళ్తున్నాం.