అప్‌డేట్: 1250 కాస్తా 12.50 ఎందుకైందో తెలిసింది

వర్షపాతం ఫైల్లోని స్ట్రింగ్‌ని (అక్షరాలుగా రాసున్న విలువని) ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నంబరుగా మారిస్తే కొన్ని విలువలు వందో వంతుకు పడిపోతున్నాయని అడిగాను కదా, కారణం దొరికింది. తప్పు నాదే. ఇంటర్నల్ రీడ్‌లో (అంటే స్ట్రింగ్ నుంచే విలువని చదివేటప్పుడు) ఎఫ్8.2 ఫార్మాట్ ఇచ్చాను, అంటే మొత్తం ఎనిమిది గళ్లు, దశాంశాలు రెండు. స్ట్రింగ్‌లో చుక్క ఉంటే ఫోర్ట్రాన్ ఆ .2ని పట్టించుకోదు, లేకపోతే చివరి రెండంకెలూ దశాంశాలే అనుకుంటుంది. అందుకే "12.5" బాగానే వచ్చింది, "1250" మాత్రం 12.50 అయింది. పంచ్ కార్డుల కాలంలో చుక్కకు పట్టే గడి ఆదా అయ్యేది సరే, నాకు మాత్రం రెండు రాత్రుల నిద్ర పోయింది!

ఎఫ్8.0 పెట్టగానే అన్నీ సరిపోయాయి. "లేదు" అని రాసున్న వరుస దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోకుండా ఐఓస్టాట్ (చదవడంలో తప్పొస్తే ఆ సంగతి చెప్పే ఆప్షన్) కూడా చేర్చాను. నంబర్ని తిరిగి స్ట్రింగ్ చేసేటప్పుడు ఐ3 (మూడు గళ్లే) బదులు ఐ0 (నంబరుకు ఎన్ని కావాలో అన్ని గళ్లు) వాడమన్న సలహా కూడా పనిచేసింది. నాలుగంకెల నంబరొస్తే కనిపించే ఆ మూడు నక్షత్రాలు ఇప్పుడు లేవు.