సమస్య: తిరిగివచ్చువారు తిరిగిరారు

మైలాపూరు మాస్టారు: ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను. నిన్న సాయంత్రం కపాలీశ్వరుడి కోనేటి చుట్టూ నడుస్తుంటే తట్టింది. చావు, వేదాంతం, అమెరికా వెళ్ళిన కొడుకులు వద్దు. లెక్కల్లో పూరించండి.

వేళచ్చేరి కోడలు: సైన్ ఎక్స్ స్క్వేర్ మీద రాశాను (స్క్వేర్ ఎక్స్‌కే, సైన్‌కి కాదు), తప్పులుంటే చెప్పండి.

సున్న తాకి మరల సున్నకే వచ్చును;
అడుగు కురుచ యగును మరల మరల;
కాల మొక్క తీరు గాలేని యలలందు
తిరిగివచ్చువారు తిరిగిరారు

మాస్టారు: రెండో పాదంలో యతి తప్పిందమ్మా, ‘అ’కు ‘మ’ చెల్లదు. ‘అడుగులేమొ కురుచలగును గాదె’ అంటే సరి. లెక్క మాత్రం బంగారం. ఈ ప్రమేయం (ఫంక్షన్) సున్నా అయ్యే చోట్లు 1.77, 2.51, 3.07... ఎడం మొదట ముప్పాతికకు కాస్త తక్కువ, ఆ తర్వాత సగానికి కాస్త ఎక్కువ. పోనుపోను ఇరుకే. సున్నాకి రావడం వేరు, పాత తీరంతా అదే ఎడంతో మళ్ళీ రావడం వేరు. ఆవర్తన ప్రమేయమంటే ఆ రెండోది.

కోడలు: హమ్మయ్య. పరీక్ష రాసినంత టెన్షన్ పడ్డాను.

తాంబరం లోకల్: నాదీ చూడండి.

గుడిని చుట్టువారు కూడిరి మొదటను
గడియకొకడు, రెంటి కరణికొకడు;
వేరు వేరు వచ్చు వీరలు, జంటగాఁ
దిరిగివచ్చువారు తిరిగిరారు

రెంటి కరణి అంటే రూట్ 2. ఒక చుట్టుకి ఒకడికి గడియ, ఇంకొకడికి రూట్ 2 గడియలు. ఎవడి ఆవర్తనం వాడికుంది, ఇద్దరినీ కలిపి చూస్తే లేదు.

మాస్టారు: భేష్! ‘కరణి’ అనే పాత లెక్కల మాట సరిగ్గా యతిస్థానంలో వచ్చి కూర్చుంది. ‘జంటగా’ దగ్గర అన్వయం కాస్త కుంటుతోంది, పోనీండి.

పెరంబూరు కొత్తవాడు: దారిలో ఒకరినొకరు దాటుకుంటారు కదండీ?

లోకల్: దాటుకుంటారు. బయల్దేరిన గడప దగ్గర మాత్రం ఇద్దరూ ఒకేసారి ఉండరు. ఉంటే వాళ్ళ చుట్ల లెక్కల నిష్పత్తి రూట్ 2 కావాలి, పూర్ణసంఖ్యలతో అది కుదరదు. రెండోవాడిది గడియన్నర అయితే మూడు గడియలకోసారి కలిసేవారు. కొసైన్ ఎక్స్, కొసైన్ రూట్ 2 ఎక్స్ కూడి చూడండి: సున్నా దగ్గర 2 వస్తుంది, ఇంకెక్కడా రాదు.

మాస్టారు: ఒక కొసరు. రెండోవాడి అయిదు చుట్లకు 7.07 గడియలు. అప్పటికి మొదటివాడు ఏడు చుట్లు ముగించి నాలుగడుగులు ముందుంటాడు. ఇలా ‘దాదాపు’ తిరిగివచ్చే ప్రమేయాలకు 1920ల్లో హెరాల్డ్ బోర్ అనే గణితవేత్త సిద్ధాంతం కట్టాడు. 1908 ఒలింపిక్స్‌లో డెన్మార్క్ తరఫున ఫుట్‌బాల్ ఆడినవాడే.

కోడలు: అయితే వచ్చే వారం ‘దాదాపు’ మీద ఇవ్వండి మాస్టారూ. యతి కూడా దాదాపుగా కుదిరితే ఒప్పుకోవాలి మరి.