జైల్లో ఉన్న తమ్ముడికి రక్షణ కోసం ముందు ఎవరిని అడగాలి?

మాది హిందూపురం, బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. ఒక గొడవ కేసులో మా తమ్ముడు రెండు నెలలుగా జైల్లో ఉన్నాడు. విచారణ ఇంకా మొదలే కాలేదు. పోయిన వారం ములాఖత్‌కి వెళ్తే పెదవి చిట్లి ఉంది. బాత్రూంలో జారిపడ్డానన్నాడు. అబద్ధమాడితే చెవి గోక్కుంటాడు, చిన్నప్పటి నుంచీ అంతే. గట్టిగా అడిగితే, ఇంటినుంచి డబ్బు తెప్పించమని బ్యారక్‌లో ఇద్దరు కొడుతున్నారని చెప్పాడు. "ఎవరికీ చెప్పకక్కా, నువ్వెళ్ళిపోతావు, ఇక్కడుండాల్సింది నేనే కదా" అన్నాడు.

కస్టడీలో ఉన్నవాళ్ళకి ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కేనని, 15100కి ఫోన్ చేయొచ్చని తెలుసు. సునీల్ బాత్రా కేసులో తిహార్ ఖైదీ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది కూడా. అవన్నీ సరే, నా భయం వేరు. ముందు సూపరింటెండెంట్‌కి రాసిస్తే విషయం లోపల పాకి వాడికి ఇంకా ఎక్కువవుతుందేమో! నేరుగా జడ్జిగారికే చెప్పించడం మేలా? బ్యారక్ మార్చమని, డాక్టరు పరీక్ష చేయించమని ఒకే అర్జీలో అడగొచ్చా? నాకు కన్నడ మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. ఇంగ్లీషులో ఇస్తే తీసుకుంటారా?

వాయిదా సోమవారమే, చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్ళు, లాయర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.